అప్‌డేట్: మౌస్ డబుల్ క్లిక్ సమస్య తీరింది

నా గేమింగ్ మౌస్‌లో ఎడమ బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది, కొత్తది కొనాలా అని అడిగాను కదా, అక్కర్లేదు, బటన్ కింద ఉండే చిన్న స్విచ్ మారిస్తే సరిపోయింది. లోపలి సన్నని రాగి స్ప్రింగ్ బిగువు తగ్గినా, కాంటాక్ట్ (కరెంటు కలిసే చోటు) మీద ఆక్సైడ్ (తుప్పులాంటి పొర) పేరుకున్నా ఇలాగే అవుతుంది, మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో బీచ్‌కి దగ్గర కాబట్టి ఉప్పుగాలి కూడా తోడైందని నా అనుమానం.

కైల్ జీఎం 8.0 స్విచ్‌లు (8 కోట్ల క్లిక్‌ల రేటింగ్) ఆన్‌లైన్‌లో తెప్పించి, డాబాగార్డెన్స్‌లో మొబైల్ రిపేర్ చేసే అన్న దగ్గర దగ్గరుండి వేయించాను. చాలా మౌస్‌లలో స్క్రూలు కింది స్కేట్ల (మౌస్ సాఫీగా జారడానికి అడుగున అతికించే పలుచని ముక్కలు) వెనకే ఉంటాయి, అవి ఒకసారి పీకితే మళ్లీ సరిగ్గా అతుక్కోవు, అందుకే కొత్త టెఫ్లాన్ స్కేట్లు ముందే తెప్పించుకోండి. స్విచ్‌కి మూడు కాళ్లు. ఆ కాళ్లని బోర్డుకి అతికించే పాత సోల్డర్ మీద కొంచెం కొత్తది వేసి, కరిగాక దాన్ని పీల్చే పంప్‌తో లాగేశాడు, పూర్తిగా కరగకుండా స్విచ్‌ని బలంగా లాగితే బోర్డు మీది రాగి పొర లేచిపోతుంది, అక్కడ మాత్రం అస్సలు తొందరపడొద్దు!

కుడి స్విచ్ బాగానే ఉన్నా అదీ మార్పించాను, లేకపోతే రెండు బటన్ల ఫీల్ వేరుగా ఉంటుంది. ఇప్పుడు క్లిక్ పాతదానికన్నా గట్టిగా, స్పష్టంగా పడుతోంది, నాకైతే ఇదే నచ్చింది.