చిన్న ఎస్‌యూవీకి 1.2 పెట్రోలు సరిపోతుందా, 1.0 టర్బోనా, 1.5 డీజిలా? ఐదుగురితో ప్రయాణించేవారు చెప్పండి

మియాపూర్ వాసి

అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్‌తో నెట్టుకొస్తున్నాను. ఇక మార్చక తప్పదు. ఇంట్లో మేమిద్దరం, అమ్మానాన్నలు, ఎనిమిదేళ్ల పాప. ఆఫీసుకు రానూపోనూ ఇరవై రెండు కిలోమీటర్లు, అదీ వారంలో మూడు రోజులే. నెలన్నరకు ఒకసారి తెనాలి, ఏడాదికి ఒకసారి తిరుమల. అంతా కలిపితే ఏడాదికి పదకొండు వేల కిలోమీటర్లు దాటదు.

హ్యుందాయ్ వెన్యూ చూడటానికి వెళ్తే ఒకే బండిలో మూడు ఇంజిన్లు చూపించారు. 1.2 పెట్రోలు 83 పీఎస్ (ఇంజిను శక్తి కొలత), 1.0 టర్బో పెట్రోలు 120 పీఎస్, 1.5 డీజిలు 116 పీఎస్. చిన్న ఇంజినుకే ఎక్కువ శక్తి ఏమిటో నాకు అంతు పట్టలేదు. మా నాన్నగారైతే "వెయ్యి సీసీ కూడా లేని ఇంజిను అంత ఒంటిని లాగుతుందా? షోరూములో ఏమి చెప్పినా తలూపి వచ్చావు" అని కోప్పడ్డారు. నెక్సాన్, కైలాక్, బ్రెజా కూడా జాబితాలో ఉన్నాయి. సొంతంగా నడిపినవారి మాట కావాలి. ప్రకటనల్లోని మైలేజీ అంకెలు నాకు కంఠతా వచ్చేశాయి, అవి వద్దు.

లెక్కల మాస్టారు (ఖమ్మం)

ఆ 1.2, 1.5 అంకెలు ఇంజిను సైజు లీటర్లలో, లీటరంటే వెయ్యి సీసీ. అవి ఇంజనీర్ల కంటే ముందు పన్నుల శాఖ తేల్చినవి. 2006 బడ్జెట్లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించారు. చిన్న కారు అంటే పొడవు 4 మీటర్లు మించకూడదు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. అప్పటి నుంచి కంపెనీలన్నీ ఆ గీత లోపలే ఒదిగి కూర్చున్నాయి. మీరు చూసిన వెన్యూ పొడవు 3,995 మిల్లీమీటర్లు, ఇంజిన్లు 998, 1197, 1493 సీసీ. కావాలంటే టేపు పెట్టి కొలవండి.

2025 సెప్టెంబరు 22 నుంచి ఈ గీత లోపలి బండ్లకు జీఎస్టీ 18 శాతం, గీత దాటితే 40 శాతం. బ్రెజా పొడవు 4 మీటర్లలోపే, కానీ పెట్రోలు ఇంజిను 1462 సీసీ. అందుకే అది 40లో పడుతుంది. అంటే మీరు ఇంజిను సైజు ఎంచుకుంటున్నాను అనుకుంటున్నారు గానీ సగం ఎంపిక మీ తరఫున ప్రభుత్వం చేసేసింది. 1200 సీసీకే పరిమితమైన పెట్రోలు ఇంజినులో శక్తి పెంచాలంటే టర్బో, అంటే ఇంజినులోకి గాలిని ఒత్తి పంపే చక్రం, పెట్టడమే దారి. మీకు అంతు పట్టనిది అదే.

అరకు దారి (విశాఖ)

టర్బో లేని 1.2 పెట్రోలు బండి నాలుగేళ్లుగా నడుపుతున్నాను. ఏ కంపెనీ అన్నది ముఖ్యం కాదు, ఈ తరహా ఇంజిన్లన్నీ ఇంచుమించు ఒకే స్వభావం.

ఊళ్లో దానికి పేరు పెట్టలేను. మెత్తగా పోతుంది, క్లచ్ తేలిక, నేనూ మా ఆవిడా వెళ్తే లీటరుకు పద్నాలుగు, పదిహేను ఇస్తుంది. మూడేళ్లపాటు "ఇంతకంటే ఏమి కావాలి" అని అందరికీ చెప్పుకున్నాను.

గత డిసెంబరులో అక్కాబావలు వచ్చారు. ఐదుగురం పెద్దవాళ్లం, డిక్కీ నిండా సామాను, అరకు బయలుదేరాం. ఎస్.కోట దాటి ఘాట్ మొదలయ్యాక తెలిసింది నా బండి ఎంత చిన్నదో. ఐదుగురి బరువు, సామాను కలిపితే నాలుగు వందల కిలోలకు పైమాటే. టన్నుకు కాస్త ఎక్కువ తూగే బండికి అదెంత భారమో చూడండి. మలుపు తిరగ్గానే మూడో గేరులో ఇంజిను మూలిగేది. రెండో గేరుకు దించి నాలుగు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు) దాకా తొక్కితే తప్ప కదిలేది కాదు. దానికి కారణం ఉంది. ఈ ఇంజిన్ల టార్క్, అంటే లాగే బలం, దాదాపు 114 న్యూటన్ మీటర్లు, అదీ నాలుగు వేల దగ్గర గాని పూర్తిగా రాదు. ఘాట్ మలుపులో మనం ఉండేది పదిహేను వందల దగ్గర. పైగా ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజిను వెయ్యి మీటర్ల ఎత్తులో సుమారు పదో వంతు శక్తి పోగొట్టుకుంటుంది.

అనంతగిరి దగ్గర ఏసీ ఆపేశాను. "చలికాలమే కదా, కిటికీలు దించుకుంటే కాఫీ తోటల గాలి వస్తుంది" అని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. వెనుక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతూ వచ్చింది. దానికి దారి ఇచ్చి పక్కకు ఆగాను. బస్సుకు దారి ఇచ్చిన కారు అని మా బావ ఇప్పటికీ ఫోను చేసినప్పుడల్లా గుర్తుచేస్తారు.

మీ పద్ధతి చూస్తే ఎప్పుడూ ఐదుగురే. నాలాగా మూడేళ్ల తర్వాత తెలుసుకోవద్దు.

బెజవాడ ఎండ

అంత భయపెట్టనక్కర లేదు. మా నాన్నగారు డీజిల్ అంబాసిడర్‌లో ఏడుగురిని ఎక్కించుకుని దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవారు. దాని శక్తి నలభై గుర్రాలకు లోపే. ఓపిక ఉంటే 1.2 చాలు, మిగిలిన డబ్బుతో రెండేళ్లు పెట్రోలు పోయించుకోవచ్చు.

అరకు దారి (విశాఖ)

నిజమే, ఆ ఓపిక ఆ తరానికి ఉంది. ఆ అంబాసిడర్‌లో ఏసీ లేదు, వెనుక హారన్ కొట్టేవారూ తక్కువే. మే నెలలో బెజవాడ నుంచి ఐదుగురితో ఏసీ పూర్తిగా పెట్టి 1.2 నడిపి చూడండి. ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు కంప్రెసర్ తిరగడం మొదలైతే బండి ఒక్క క్షణం వెనక్కి లాగినట్టు ఉంటుంది.

తుంగభద్ర (కర్నూలు)

నాది 1.0 టర్బో, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, అంటే రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చుకునేది. మూడేళ్లలో 41,000 కిలోమీటర్లు తిరిగింది. ఎక్కువ భాగం కర్నూలు, హైదరాబాదు మధ్యే.

మంచి ముందు చెబుతాను. 172 న్యూటన్ మీటర్ల టార్క్ పదిహేను వందల ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. హైవే మీద లారీని దాటాలంటే గుండె చిక్కబట్టుకోనక్కర లేదు. మా అత్తగారు, మామగారు, పిల్లలు ఎక్కినా, నేనొక్కదాన్నే వెళ్లినా పెద్ద తేడా తెలియదు. ఈ ఒక్క సుఖం కోసమే మళ్లీ అదే కొంటాను.

ఇక చెడు. మైలేజీ పూర్తిగా మన కుడి పాదం మీద ఆధారపడి ఉంటుంది. తొంభైకి కట్టేసుకుని వెళ్తే పదిహేడు, పద్దెనిమిది వచ్చింది. నూట ఇరవైలో పన్నెండుకు పడిపోయింది. ఊళ్లో పది, పదకొండు. ఇదంతా ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించి కొలిచిన లెక్క. తెర మీద కనిపించే అంకె ఎప్పుడూ ఒకటిన్నర ఎక్కువే చెబుతుంది.

రెండోది, పదిహేను వందల లోపు టర్బో నిద్రపోతూ ఉంటుంది. స్పీడ్ బ్రేకరు దిగి మళ్లీ తొక్కితే ఒక లిప్త పాటు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా దూకుతుంది. అలవాటయ్యే దాకా కళాశాలలో చేరిన కుర్రవాడిలా నడిపాను.

మూడోది అసలు చిక్కు. ఒక శుక్రవారం సాయంత్రం కూకట్‌పల్లిలో ముప్పావుగంట అంగుళం అంగుళం జరిగాక గేర్‌బాక్స్ వేడెక్కిందని హెచ్చరిక వచ్చింది. పక్కకు ఆపి ఇరవై నిమిషాలు కూర్చున్నాను. మళ్లీ రాలేదు గానీ ఆ భయం పోలేదు. ట్రాఫిక్‌లో ఎక్కువగా తిరిగేవారు ఇంజినుతోపాటు గేర్‌బాక్స్ ఏ రకమో కూడా అడగాలి. టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ద్రవంతో శక్తి అందించే రకం, ఉన్నది కాస్త మందకొడి అంటారు, ట్రాఫిక్‌లో మాత్రం నిశ్చింత.

గ్యారేజీ బాబాయి (రాజమహేంద్రవరం)

అమ్మాయి చెప్పింది సరైన మాట. నా దగ్గరకు వచ్చే టర్బో బండ్లలో టర్బో దానంతట అది చెడిపోయినవి బహు తక్కువ. ఆయిలు మార్చకుండా నడిపి చెడగొట్టినవే ఎక్కువ. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, దాని ప్రాణం ఆయిలులోనే ఉంది. కంపెనీ చెప్పిన గ్రేడు సింథటిక్ ఆయిలే పోయించండి, ఏడాదికి ఒకసారి కిలోమీటర్లు నిండకపోయినా మార్చండి. హైవే మీద గట్టిగా లాగించి టీ కొట్టు దగ్గర ఆగితే టక్కున కట్టేయకండి, అర నిమిషమో నిమిషమో ఊరికే తిరగనివ్వండి.

డీజిలు సంగతి. బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే వడపోత పెట్టారు. మసి అందులో పేరుకుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా వేగంగా పరుగెత్తాలి. ఒక రిటైర్డ్ మాస్టారు డీజిలు చవక అని కొన్నారు. రోజూ రైతుబజారుకు, గుడికి కలిపి నాలుగు కిలోమీటర్లు. రెండు నెలలకు ఒకసారి హెచ్చరిక దీపం వెలిగిందని వస్తారు. నేను బండి తీసుకుని హైవే మీద అరగంట తిప్పి తెచ్చి ఇస్తాను. డీజిలు నాది కాదు, తిప్పుడూ నాకు సరదాయే, కానీ ఆయనకు ఆ బండి దేనికి? ఆ వడపోత తీసేయిస్తామని కొందరు చెబుతారు, ఆ మాట వినకండి, అది చట్ట విరుద్ధం.

లెక్కల మాస్టారు (ఖమ్మం)

డీజిలు లెక్క కూడా వేసేద్దాం. ఏడాదికి 10,800 కిలోమీటర్లు అనుకుందాం. టర్బో పెట్రోలు లీటరుకు 13 ఇస్తే 831 లీటర్లు, 107 రూపాయల చొప్పున అనుకుంటే సుమారు 88,900. డీజిలు 18 ఇస్తే 600 లీటర్లు, 96 చొప్పున 57,600. ఏడాదికి ముప్పై ఒక వేలు మిగులు. ఒకే స్థాయి బండికి డీజిలు ధర లక్షా నలభై వేలు ఎక్కువ అనుకుంటే అది తిరిగి రావడానికి నాలుగున్నరేళ్లు. సర్వీసు ఖర్చు తేడా కూడా కలిపితే ఐదు. మీ షోరూము అంకెలు ఇందులో పెట్టి చూసుకోండి. మీరు పదకొండేళ్లు బండి ఉంచుకునే మనిషి కాబట్టి డీజిలుకు వ్యతిరేకంగా మాట్లాడలేను. ఐదేళ్లకే అమ్మేసేవారికైతే వద్దంటాను.

నాలుగు సిలిండర్లు

అందరూ చిన్న బండ్ల చుట్టూనే తిరుగుతున్నారు. కొంచెం సాగదీసి క్రెటా, సెల్టోస్ 1.5 పెట్రోలు తీసుకోండి. 115 పీఎస్, నాలుగు సిలిండర్లు, వణుకు లేదు, టర్బో తలనొప్పి లేదు. మా ఇంట్లో ఐదేళ్లుగా ఉంది.

అరకు దారి (విశాఖ)

మెత్తదనం ఒప్పుకుంటాను. కానీ దాని టార్క్ 144, అదీ నాలుగున్నర వేల దగ్గర. బండేమో మరింత బరువు. ఘాట్‌లో నా కథే కాస్త గౌరవంగా జరుగుతుంది. అదే బండిలో 1.5 టర్బో పెట్రోలు 160 పీఎస్, 253 న్యూటన్ మీటర్లు. రెండింటికీ మధ్య తేడా పదిహేను సీసీలే. ఒకటి 1497, ఇంకొకటి 1482. పైగా సీసీ తక్కువ ఉన్నదే బలమైనది! మియాపూర్ వాసి గారు ఈ ఒక్క వాక్యం నాన్నగారికి చదివి వినిపించాలి.

మియాపూర్ వాసి

చదివి వినిపించాను. "అయితే సీసీ రాయడం దేనికి?" అన్నారు. ఆ ప్రశ్నకు మాస్టారు గారే జవాబు చెప్పాలి.

నిన్న టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లాం. మీ మాట విని బండి నింపుకునే వెళ్లాను. షోరూము అబ్బాయి తప్పనిసరిగా కూర్చోవాలట. అందుకని అమ్మను, పాపను కాఫీ దగ్గర కూర్చోబెట్టి, నాన్నగారు, మా ఆవిడ, బావమరిది, ఆ అబ్బాయి, నేను ఎక్కాం. మా బావమరిది ఒక్కడే ఇద్దరి పెట్టు కాబట్టి సామాను లోటు తెలియలేదు.

ఫ్లైఓవరు ఎక్కే చోట కావాలనే ఆగి మొదలుపెట్టాను. 1.2లో రెండో గేరుకు మారగానే దమ్ము తగ్గింది, మళ్లీ ఒకటికి దించాల్సి వచ్చింది. 1.0 టర్బోలో ఆ ఎత్తు ఉందన్న సంగతే మరిచిపోయాం. డీజిలు ఇంకా తేలిగ్గా లాగింది, కాదనలేను. కానీ నా వారమంతా పదకొండేసి కిలోమీటర్ల ప్రయాణమే. బాబాయి చెప్పిన రిటైర్డ్ మాస్టారు కళ్ల ముందు కదిలారు.

చివరికి వెన్యూ కాదు, కైలాక్‌లో 1.0 టర్బో, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉన్నది ఖాయం చేశాం. 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్లు, 999 సీసీ.

నాన్నగారు ఒప్పుకున్నది మాత్రం ఫ్లైఓవరు చూసి కాదు. బీమా కాగితం చూసి. థర్డ్ పార్టీ ప్రీమియం వెయ్యి సీసీ లోపు అయితే ఏడాదికి 2,094, దాటితే పదిహేను వందల సీసీ దాకా 3,416 అని 2022 నుంచి ఉన్న రేట్లు ఆ అబ్బాయి చూపించాడు. కొత్త బండికి మూడేళ్లది ఒకేసారి కట్టాలి కదా, 6,521 ఎక్కడ, 10,640 ఎక్కడ. "వెయ్యికి ఒక్క సీసీ తక్కువ పెట్టాడంటే తెలివైనవాడే" అని మెచ్చుకున్నారు.

గ్యారేజీ బాబాయి (రాజమహేంద్రవరం)

మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా తొక్కకండి. ఒకే వేగంలో గంటల తరబడి కూడా నడపవద్దు.

తుంగభద్ర (కర్నూలు)

శుభం. తిరుమల వెళ్లి వచ్చాక ట్యాంకు లెక్క ఇక్కడ రాయండి, తెర మీది అంకె కాదు.

మియాపూర్ వాసి

తప్పకుండా. నాన్నగారు అందుకోసం ఇప్పటికే ఒక చిన్న డైరీ కొన్నారు. బండి ఇంకా రాలేదు.