పిల్లల మూవ్‌మెంట్ స్కిల్స్‌కి ఫోనే మార్కులేసే యాప్ ఏదైనా ఉందా?

గ్రౌండ్ మాస్టారు
నమస్తే అండి. చిన్న క్లాసులకి పీఈ చెప్తాను, క్లాసుకి 40 మంది. ఈసారి సరిగ్గా అసెస్ చేద్దామని టీజీఎండీ-3 (పిల్లల పరుగు, గెంతు, బాల్ స్కిల్స్ చూసే టెస్ట్) మొదలుపెట్టా, 13 స్కిల్స్, ఒక్కోదానికి రెండు ట్రయల్స్, ప్రతి పాయింటుకీ 1 లేదా 0, నేను షీట్ మీద టిక్ పెట్టి తలెత్తేలోపు పిల్లాడు బాల్ విసిరేసి లైన్లో వెనక్కి పోయుంటాడు. వీడియో తీస్తే దానంతటదే స్కోర్ ఇచ్చేది ఏమైనా ఉందా? వాడినవాళ్ళే చెప్పండి ప్లీజ్.

విజిల్
సేమ్ గోల మాస్టారూ. నేనైతే వీడియో తీసి తర్వాత కూర్చుని నేనే వేస్తా. కినోవియా అనే వీడియో సాఫ్ట్‌వేర్ ఫ్రీ, విండోస్‌లో ఫ్రేమ్ ఫ్రేమ్ ఆపుకుని చూడొచ్చు. అసలు తంటా అంతా కెమెరా ఎక్కడ పెట్టామన్నదే. త్రోకి మొదట్లో ఎదురుగా పెట్టా, విసిరే చేతికి అవతలి కాలు ముందుకి పడిందా లేక ఉన్నచోటే ఎత్తి దించాడా అన్నది అస్సలు తెలీలేదు, సగం క్లాసు మళ్ళీ తీయాల్సొచ్చింది. పక్కనుంచి పెట్టండి, పాదాలు ఫ్రేమ్‌లో ఉండాలి. ప్రతి పిల్లాడి ముందు నంబర్ అట్ట ఒక సెకను చూపిస్తే తర్వాత ఎవరు ఎవరో వెతుక్కోనక్కర్లేదు, పేరు కూడా రికార్డవదు.

కోడ్ బాబాయ్
ఆటోమేటిక్ అంటారా, వీడియోలో మనిషి భంగిమని గుర్తుపట్టే మీడియాపైప్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఒంటి మీద 33 పాయింట్లు పట్టేస్తాయి, లాంగ్ జంప్‌లో చేతులు ఊపడం, మోకాలు వంచడం బానే వస్తుంది. కానీ అవి చూసేది మనిషినే, బాల్‌ని కాదు. క్యాచ్‌లో అరచేతులతోనే పట్టాడా గుండెకి హత్తుకున్నాడా అన్నదానికే కదా మార్కు, అక్కడ చేతులెత్తేస్తుంది. వెనక ఇంకో పిల్లాడు అడ్డం పరిగెత్తితే సరే సరి, ఇద్దరి కాళ్ళూ కలిపేస్తుంది 😄 ఇంకోటి, 30 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 30 ఫ్రేములు) ఫ్రేమ్‌కి ఫ్రేమ్‌కి 33 మిల్లీసెకన్ల గ్యాప్, విసిరే చెయ్యి మసకగా ఒక గీతలా వస్తుంది. ఫోన్‌లో 240 ఉంటే పెట్టండి, వెలుతురు మాత్రం బాగా ఉండాలి.

రెండోసారి చూద్దాం
స్లోమోషన్‌తో ఒక ఇబ్బంది ఉంది. సగం మందికి గ్రౌండ్‌లో చూసి, సగం మందికి స్లోమోలో చూసి వేస్తే ఆ మార్కులు పోల్చలేం, స్లోమోలో కనపడే తప్పులు మామూలు కంటికి ఆనవు. అందరికీ ఒకటే పద్ధతి పెట్టుకోండి. నేను రెండు వారాల తర్వాత పాత మార్కులు చూడకుండా అవే వీడియోలకి మళ్ళీ వేశా, ఒంటికాలి గెంతు దాదాపు కలిసింది, త్రో దగ్గర నాతో నాకే కుదర్లేదు 🙈 అప్పుడు మళ్ళీ క్రైటీరియా చదువుకున్నా. మీ పిల్లలు 8 నుంచి 12 లోపు అయితే క్యామ్సా అనే ఇంకో టెస్ట్ చూడండి, స్కిల్స్ అన్నీ వరసగా చేసుకుంటూ పోయే ఒకటే రూట్, స్కిల్‌కి 14, టైమ్‌కి 14, మొత్తం 28, క్లాసంతా తొందరగా అయిపోతుంది.

గ్రౌండ్ మాస్టారు
థాంక్సండీ, మావాళ్ళు ఇంకా చిన్నోళ్ళే, ఆరేడేళ్ళు, కాబట్టి క్యామ్సా కుదరదు. ముందు త్రో, క్యాచ్ రెండే తీసి చూస్తా. ఈ వీడియోలు ఎన్నాళ్ళు ఉంచుతారు మీరు?

విజిల్
మార్కులు ఎక్కించి ఒకసారి చెక్ చేసుకునేదాకానే, తర్వాత డిలీట్. పేరెంట్స్ సంతకం తీసుకునేటప్పుడే ఆ మాట రాసిస్తా. ఫోన్‌లో ఆటో బ్యాకప్ ఆపడం మర్చిపోకండి, గ్యాలరీలో తీసేసినా క్లౌడ్‌లో కూర్చునుండొచ్చు.