పల్లి పెరుగుతో పెరుగు సద్ది: సద్దుల బతుకమ్మకు తీసుకెళ్తే తప్పా?

హన్మకొండ_పల్లి:
మా ఇంట్లో నలుగురం. రెండేళ్లుగా పాలు, పెరుగు, నెయ్యి లేవు. మాంసం, గుడ్డు అంతకు ముందే మానేశాం. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది పెరుగే. కొబ్బరిపాలతో వేస్తే కింద నీళ్లు, పైన నూనె తేలాయి. సోయాపాలు బాగానే గట్టిపడ్డాయి కానీ ఆ పచ్చివాసనకు పిల్లలు ముక్కు మూసుకున్నారు. చివరికి పల్లి పెరుగు కుదిరింది. గ్లాసు పల్లీలు రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, నాలుగు గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి పల్చటి బట్టలో వడకడతాను. అడుగంటకుండా కలుపుతూ పది నిమిషాలు మరిగించి, వేలు పెడితే ఓర్చుకునేంత వేడికి వచ్చాక ఎనిమిది పచ్చిమిర్చి తొడిమలు వేసి మూత పెడతాను. మొదటిసారి జారుగా, పల్లివాసనతో వస్తుంది. దాన్నే తోడుగా వేస్తే రెండోసారికి చెంచాతో కోసేంత గడ్డ కడుతుంది. పిప్పి సర్వపిండిలో కలుపుతాను, పారేసేది ఏమీ ఉండదు.

ఇప్పుడు నా ప్రశ్న. సద్దులకు మా ఇంటి నుంచి పెరుగు సద్ది, అంటే పెరుగు కలిపిన అన్నం, తీసుకెళ్లడం ఆనవాయితీ. నిరుడు పల్లి పెరుగుతో కలిపి పద్మాక్షి గుట్టకు తీసుకెళ్లాను. మా అత్తమ్మ ఆ స్టీలు డబ్బా మూత కూడా తీయలేదు. ఇంటికొచ్చి చూస్తే పైన వేసిన పోపు, కరివేపాకు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఈసారి ఏం చేయమంటారు?

పరకాల_బర్రెలు:
తప్పే చెల్లె. పాలు తోడుకుంటే వచ్చేది పెరుగు. పల్లీలు రుబ్బి పులియబెట్టినదానికి ఆ పేరు పెట్టి అమ్మవారి ముందు పెట్టడం ఏంటి? సద్దుల్లో పల్లి సద్ది ఉంది, నువ్వుల సద్ది ఉంది, కొబ్బరి సద్ది ఉంది. పల్లి సద్ది అని తీసుకెళ్లు, ఎవరూ కాదనరు. సోయా, బాదం డబ్బాల మీద పాలు అని రాసి అమ్మొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021లోనే చెప్పింది.

జనగామ_చల్ల:
తొడిమలతో తోడు ఎలా పడుతుంది? మొదటిసారి వింటున్నా.

హన్మకొండ_పల్లి:
తొడిమల మీద సహజంగానే పులియబెట్టే బ్యాక్టీరియా ఉంటుంది, జనగామ గారూ. పాల పెరుగులో పని చేసేదీ అలాంటిదే. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో తోడు దొరకనప్పుడు బర్రె పాలలోనే మిరపకాయ వేసి తోడు పెట్టేవాళ్లు.

పరకాల అన్నా, ఆ ఆర్డరు అమ్మే డబ్బాల గురించి. అందులో కూడా కొబ్బరిపాలకు మినహాయింపు ఉంది, ఎందుకంటే తరతరాలుగా అందరూ కొబ్బరిపాలు అనే అంటున్నారు. నేను అమ్మడం లేదు. ఇంట్లో పిల్లలకు అన్నంలోకి పెడుతున్నాను.

నర్సంపేట_మిర్చి:
తొడిమల విషయంలో ఒక మాట. మాది మిర్చి సాగు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కే వేస్తాం. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు పువ్వు నిలవక వారానికి రెండుసార్లు కూడా మందు కొట్టాం. ఆ పురుగు ఉండేది పువ్వుల్లో, లేత ఆకుల్లో. కొట్టిన మందు కాయ మీదా తొడిమ మీదా పడుతుంది. బజారు మిరపకాయల తొడిమలు చిన్నపిల్లలు తినే గిన్నెలో వేయకండి. కుండీలో రెండు మొక్కలు పెట్టుకుని ఆ తొడిమలు వాడండి. అదీ మొదటి తోడుకు ఒక్కసారే కదా.

హన్మకొండ_పల్లి:
ఇది నాకు తట్టలేదు అన్నా. డాబా మీద రేపే నాటుతాను.

కాజీపేట_పోషణ:
నేను డైటీషియన్‌ని. పేరు సంగతి పక్కన పెట్టండి. పల్లి పెరుగులో ప్రోటీన్ ఉంటుంది, అందుకే అది గడ్డ కడుతుంది. కొబ్బరిపాలలో ప్రోటీన్ తక్కువ కాబట్టి ఎంతసేపు ఉంచినా కట్టదు. కానీ నాలుగు గ్లాసుల నీళ్లు పోసిన పల్లిపాలలో కాల్షియం పెద్దగా మిగలదు, బి12 అసలే ఉండదు. పాల పెరుగు తీసేసి ఇది పెడితే గిన్నె నిండినట్టే కనిపిస్తుంది, లోటు మాత్రం అలాగే ఉంటుంది. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, పొట్టు తీయని నువ్వుల్లో అంతకు రెండింతల పైనే. అవి రోజూ తినాలి. బి12 మాత్రం మొక్కల నుంచి వచ్చే తిండిలో దొరకదు, డాక్టర్‌ని అడిగి మాత్ర వేసుకోవాలి. పెద్దవాళ్లకు రోజుకు రెండు మైక్రోగ్రాముల పైనే కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క.

హన్మకొండ_పల్లి:
వేసుకుంటున్నాం మేడమ్, నలుగురమూ. రక్తపరీక్ష కూడా చేయించాం.

పరకాల_బర్రెలు:
చూశారా, మాత్ర మింగితే గానీ సరిపోని తిండి. మా ఇంట్లో మూడు తరాలు పెరుగన్నం తిన్నాం, ఎవరూ మాత్ర మింగలేదు.

కాజీపేట_పోషణ:
పెరుగు తినేవాళ్లలోనూ బి12 లోపం చాలామందికి ఉంది. అది మీకు గెలుపు కాదు, ఆమెకు ఓటమి కాదు.

సుబేదారి_రాత్రి:
ఒక డబ్బా సద్దికి ఇంత గొడవా? ఎవరిది వాళ్లు తీసుకెళ్లండి.

పరకాల_బర్రెలు:
గొడవ సద్దిది కాదు తమ్ముడూ. నాకు ఆరు బర్రెలు. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తాను. డెయిరీలో వెన్నశాతం చూసి రేటు కడతారు, దాణా ధర మాత్రం ఎవరినీ అడగకుండా పెరుగుతుంది. హన్మకొండలో ఒక కాలనీలో పదకొండేళ్లు ఒక ఇంటికి రోజూ రెండు లీటర్లు పోశాను. వాళ్ల పాప పుట్టినప్పుడు మొదటి జున్ను ఇచ్చింది నేను. ఒకరోజు ఏదో వీడియో చూసి మానేశారు. మానేస్తే మానేశారు, కాలనీ గ్రూపులో పాలవాళ్లు దూడల నోరు కొట్టే దొంగలని పెట్టారు. ఆ మెసేజ్ నా కొడుకు చదివి వినిపించాడు. ముల్కనూరులో ఆడవాళ్లు సంఘం కట్టుకుని సొంత డెయిరీ నడుపుతున్నారు. వాళ్లంతా దొంగలేనా? పల్లి పెరుగు అన్న మాట వింటే నాకు ఆ మెసేజే గుర్తొస్తుంది.

హన్మకొండ_పల్లి:
నేను మిమ్మల్ని దొంగ అన్నానా? ఎవరో అన్నదానికి నా డబ్బాను ఎందుకు తప్పుపడుతున్నారు? మేము మానేసింది వీడియో చూసి కాదు. మా చుట్టాల ఊళ్లో కొట్టం వెనక మగ దూడను కట్టేసి ఉంచారు. దాని తల్లి పాలిస్తూనే ఉంది, ఇది మాత్రం ఎముకల గూడైంది. గడ్డి వేస్తే నమలలేకపోయింది. నా చెయ్యి నాకింది. ఆ నాలుక గరుకు నాకు ఇంకా గుర్తుంది. మూడో రోజుకు లేదని చెప్పారు. ఆ తర్వాత గ్లాసు నోటి దగ్గర పెట్టుకోలేకపోయాను. ఇది నేరమా?

పరకాల_బర్రెలు:
నేరం అనలేదు. కానీ నిజం చెప్పు చెల్లె. మీ పిల్లలకు ఏం చెప్పావు? మీ అత్తమ్మ ఊరికే మూత తీయకుండా ఉండదు. మా ఇళ్లల్లో కోడలు తెచ్చిన సద్ది రుచి లేకపోయినా పెద్దవాళ్లు ఒక ముద్ద తింటారు.

జనగామ_చల్ల:
ఇది మరీ ఇంటి విషయంలోకి వెళ్తున్నట్టుంది.

హన్మకొండ_పల్లి:
పరవాలేదు, అడగనివ్వండి. రాత్రంతా ఆలోచించాను.

నిరుడు గుట్ట దగ్గర ఇస్తినమ్మ వాయినం అనుకుంటూ అందరూ సద్దులు పంచుకుంటున్నప్పుడు, అత్తమ్మ తన సద్ది మా పెద్దపాప చేతిలో పెట్టబోయింది. దానికి తొమ్మిదేళ్లు. నానమ్మా, ఇది దూడ దగ్గర గుంజుకున్నది, నేను తినను అని గట్టిగా అంది. పక్కన ఇరవై మంది ఉన్నారు. అత్తమ్మ చెయ్యి అలాగే చాచి ఉంది. నేను పాపను ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ మాట దానికి నేర్పింది నేనే. ఆ తర్వాతే నా డబ్బా ముందుకు జరిపాను. ఈ సంగతి మొదటి పోస్టులో రాయలేదు.

నర్సంపేట_మిర్చి:
అక్కా, అయితే ఆమె వద్దన్నది పల్లి పెరుగును కాదు.

పరకాల_బర్రెలు:
నాకు అర్థమైంది చెల్లె. నేనూ ఒకటి చెప్తాను. మగ దూడలను నేనూ అమ్మాను. ఎక్కడికి తీసుకెళ్తున్నారని అడగలేదు. అడిగితే అమ్మలేను, అమ్మకపోతే వాటిని సాకలేను. పొలానికి ట్రాక్టర్ వచ్చాక దున్నపోతుతో పనేముంది? ఈ మాట మా ఇంట్లో కూడా ఎవరితో అనలేదు. అయినా మీ పాప అన్న మాట తప్పే. ఆ ముసలామె చేతిలో ఉన్నది ఆమె మీకోసం కలిపిన అన్నం.

హన్మకొండ_పల్లి:
దూడ గురించి నా మాట మారదు అన్నా. పాపకు నేర్పిన పద్ధతి మాత్రం మార్చుకోవాలి. వద్దన్న మాటనైనా చెయ్యి పట్టుకుని చిన్నగా చెప్పడం నేర్పాలి.

కాజీపేట_పోషణ:
సద్దులకు ముందే ఒకసారి అత్తమ్మ దగ్గరికి పాపను తీసుకెళ్లండి. గుట్ట మీద అందరి ముందు కాదు.

హన్మకొండ_పల్లి:
వెళ్తాం మేడమ్, ఈ ఆదివారమే. తోడు మాత్రం ఎంగిలిపూల బతుకమ్మ రోజు పెడతాను. అది మొదటి రోజు, సద్దులు తొమ్మిదో రోజు. మధ్యలో రెండు మూడుసార్లు తిరిగి తోడు వేస్తే ఆ నాటికి గట్టి పెరుగు వస్తుంది. కుండీలో మిరప అప్పటికి కాయకపోతే నర్సంపేట అన్న దగ్గర మందు కొట్టని కాయలు దొరుకుతాయా?

నర్సంపేట_మిర్చి:
ఇంటి వెనక నాలుగు మొక్కలున్నాయి అక్కా, వాటికి ఏ మందూ కొట్టను. గుప్పెడు కాయలు తొడిమలతో సహా పంపిస్తాను.

పరకాల_బర్రెలు:
పల్లి సద్ది అని చెప్పి పెట్టు చెల్లె. పెరుగు అనకు. ఆ ఒక్కటీ నేను ఒప్పుకోను.

హన్మకొండ_పల్లి:
మా ఇంట్లో దాన్ని పెరుగనే అంటాం అన్నా. అత్తమ్మ దగ్గర ఏమనాలో అత్తమ్మనే అడుగుతాను.