సమస్య: చెట్టుఁ గొట్టువాఁడె చెట్టుఁ గాచె

నిర్వాహకుడు (హనుమకొండ):
మిత్రులారా, పై పాదమే చివరిదిగా మీరు పద్యం పూరించాల్సిన ఈ వారపు సమస్యను మా పెరటి వేపచెట్టే ఇచ్చింది. మొదలు సగం డొల్లయి కరెంటు తీగల మీదికి వాలిన ఆ చెట్టును కొట్టించక తప్పదు. చెట్లు కొట్టడాన్ని నియంత్రించే వాల్టా చట్టం కింద అనుమతి కూడా చేతికి వచ్చింది. అయితే నెల రోజులుగా వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను గదా, ఎండుకొమ్మ కింద వడ్రంగిపిట్ట తొలిచిన గుండ్రని తొర్ర ఉంది, దానికి రెండు జానల పైన పాత తొర్రను రామచిలుకలు ఆక్రమించుకొన్నాయి, ఆ చిలుకలతో పొద్దున్నే జగడానికి దిగే గోరింకల జంట ఒకటి ఉంది. నిన్న బేరానికి వచ్చిన చెట్లు కొట్టే ఆయన గొడ్డలి మడమతో మొదలును తట్టి చూస్తుంటే, చిలుక తల బయటపెట్టి ఆయననే గద్దించింది. ఆయన నవ్వుతూ గొడ్డలి దించినప్పుడు తోచిన పాదమిది.

పరకాల పద్యప్రియుడు:
ముక్కు నులిగఁ జేసి మోఁదుచుఁ బురుగుల
దొడ్డ వేప నుండి తోడి తినెడి
యెఱ్ఱపాగ చుట్టి యేతెంచు వడ్రంగి
చెట్టుఁ గొట్టువాఁడె చెట్టుఁ గాచె.

కాజీపేట మాస్టారు:
'కొట్టు' అనే మాటను నరకడం నుంచి తట్టడం వైపు తిప్పిన చమత్కారం బాగుంది, కాదనను. బెరడు కింది పురుగులను ఏరి తినే పిట్ట చెట్టుకు వైద్యం చేసినట్లే లెక్క. అయితే పరకాలవారు మా అందరికీ వ్యాకరణం చెప్పేవారు కనుక అడుగుతున్నాను: పిట్ట 'వాఁడె' ఎట్లా అయింది? తిర్యక్కులు, అంటే పశుపక్ష్యాదులు, వ్యాకరణంలో అమహత్తులు, 'వాడు' అనదగినవి కావు; కోడిపుంజునైనా మనం 'అది' అనే అంటాము.

పరకాల పద్యప్రియుడు:
మాస్టారూ, 'వడ్రంగి' అని మనిషి పేరు పెట్టిన తరువాత మనిషి మర్యాద ఇవ్వవద్దా? పైగా నేను 'ఎఱ్ఱపాగ' అని ఊరికే అనలేదు. మన పెరళ్లలో కనిపించే బంగారు వీపు వడ్రంగిపిట్టల్లో మగదానికి నుదుటి నుంచి జుట్టు కొస దాకా ఎరుపే ఉంటుంది. ఆడదానికి నుదురు నల్లగా ఉండి తెల్లని చుక్కలుంటాయి, ఎరుపు వెనక కుచ్చుకు మాత్రమే. నిండుపాగ కట్టినవాడు మగవాడే.

కాజీపేట మాస్టారు:
కొమ్మ లెల్లఁ గోసి గూఁటినిఁ గనుఁగొని
మోడు మాత్ర ముంచి ముగిసె ననుచు
ఱంప మాపి వెడలె రామచిలుకకయి
చెట్టుఁ గొట్టువాఁడె చెట్టుఁ గాచె.

పరకాల పద్యప్రియుడు:
భావం చక్కనిది, మోడును నిలబెట్టడం ఆచరణలో కూడా జరిగే పనే. కాని మూడో పాదం చూడండి. 'ఱంపము'లో ఉన్నది శకటరేఫం (ఱ), 'రామచిలుక'లో ఉన్నది సాధురేఫం (ర). పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన మైత్రి, ఆ యతి ఎక్కడ కుదిరింది? గత సమస్యలో ఉడుతకు ఐదు చారలు గీసినట్లే ఇక్కడ కూడా మాస్టారు కాస్త ఉదారంగా ఉన్నారు.

కాజీపేట మాస్టారు:
ఆ ఉడుతను మీరింకా వదలలేదన్నమాట. రాముడి మూడు వేళ్ల కథ విన్నవారికి ఐదు చారలు తప్పుగానే తోస్తాయి, కాని మూడు చారల ఉడుత వేరు, ఐదు చారల ఉడుత వేరు. రెండూ మన దేశంలో ఉన్నవే. ఇక రేఫల సంగతి. ఈ రెంటినీ ప్రాసలో కలిపినందుకే పోతన పద్యాలను లాక్షణికులు, అంటే ఛందస్సు నియమాలు రాసినవారు, ఉదాహరణలుగా ఎత్తుకోలేదని వారిలో ఒకడైన అప్పకవి చెప్పాడు. మా కాజీపేటకు పోతన ఊరు బమ్మెర ఎంతో దూరం కాదు; ఆయనకు అంటిన దోషం నాకూ అంటితే మహాభాగ్యమే.

జనగామ కొత్తగొంతు:
పెద్దల నడుమ నా ప్రయత్నం.
పాలపిట్ట గూడు పైతొఱ్ఱలో నుండ
పిల్ల లెగిరేదాఁక వేచియుండి
మూడు నెలలు దాఁచె ముంగిటి గొడ్డలి
చెట్టుఁ గొట్టువాఁడె చెట్టుఁ గాచె.

నిర్వాహకుడు:
దసరానాడు చూడాలని వెతుక్కొనే పిట్టను తెచ్చినందుకు సంతోషం. రెండో పాదంలో 'ఎగిరే' వల్ల గణం, అంటే గురులఘువుల లెక్క, చెడింది. 'పిల్ల లెగురుదాఁక' అంటే సరిపోతుంది. ఒక్క అక్షరమే, కాని చెవికి ములుకులా తగిలింది.

పరకాల పద్యప్రియుడు:
పాలపిట్ట స్వయంగా తొర్ర తొలవదు, ఉన్న తొర్రలోనే గుడ్లు పెడుతుంది. ఆ మాట సరిగానే పడింది. అయితే పొదగడానికి 17 నుంచి 19 రోజులు, పిల్లలు ఎగరడానికి మరొక నెల చాలు. మూడు నెలలు ఎందుకు?

కాజీపేట మాస్టారు:
'రెండు' అంటే యతి చెడుతుంది, 'మూడు' అంటే పరకాలవారి లెక్క చెడుతుంది. తమ్ముడూ, నువ్వు యతినే కాపాడుకో.

నిర్వాహకుడు:
బేరం తేలింది. తీగల వైపు కొమ్మలన్నీ తీయించి, రెండు తొర్రలూ నిలిచేలా పన్నెండు అడుగుల మోడును ఉంచుతానని చెట్లు కొట్టే ఆయన ఒప్పుకొన్నాడు. చిలుక పిల్లలు వెళ్లిన తరువాతే రంపం పెడతాడట. కనుక ఈ వారం మొదటి మాట మాస్టారి మోడుకే, రేఫ దోషంతో సహా.

పరకాలవారి పూరణ మీద తీర్పు చెప్పే ముందు ఒక సంగతి. ఈ ఉదయం ఆరున్నరకు మా వేపను టకటకా కొట్టిన వడ్రంగిపిట్టను కళ్లజోడు తుడుచుకొని మరీ చూశాను. నుదురు నల్లగా ఉంది, దాని మీద ముగ్గు పెట్టినట్లు తెల్లని చుక్కలున్నాయి. 'వాఁడె'ను ఏం చేస్తారో వారే సెలవివ్వాలి.