జేబు కత్తి తోలు తొడుగు వదులైంది, మళ్లీ బిగించడం ఎలా?

మడత కత్తి మూసినప్పుడు పొడవు 90 మి.మీ., మందం 12 మి.మీ. తొడుగుకు మూత లేదు, పైనుంచి దూర్చడమే. తోలు 1.5 మి.మీ., చెట్టు బెరడుతో పదును చేసిన రకం. క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) తడిపి అదిమినా ఆకారం నిలుపుకోదు కాబట్టి అది వద్దనుకున్నాను. కత్తికి ప్లాస్టిక్ కాగితం చుట్టి, తడి తోలులో పెట్టి, వేళ్లతో అదిమి, 24 గంటలు నీడలో ఆరబెట్టాను. మొదట్లో పట్టు గట్టిగానే ఉంది. ఇప్పుడు తలకిందులు చేస్తే కత్తి జారి కింద పడుతోంది.

అనుమానం నూనె మీదే. మెత్తబడాలని రెండు పూతలు వేశాను, బహుశా ఒకటి ఎక్కువే. నూనె పీల్చిన తోలును మళ్లీ తడిపితే బిగుస్తుందా? లేక పాత కుట్టుకు 2 మి.మీ. లోపలగా ఇంకో వరస కుట్టాలా? అలా కుడితే పిడి చివరున్న ఇత్తడి భాగం దగ్గర ఇరుక్కుంటుందేమో. మూతి అంచుకు మాత్రం తేనెమైనం కరిగించి పట్టిస్తే ఎంతకాలం ఆగుతుంది?

బొటనవేలు ఆనడానికి మూతి దగ్గర అర్ధచంద్రాకారంలో 15 మి.మీ. లోతు కోశాను. పట్టు పోవడానికి అదీ కారణమేనా?

ఇంకొకటి, కత్తి అలుగు కార్బన్ స్టీల్. చెమట తేమను తోలు పట్టి ఉంచుతుంది కనుక రాత్రిళ్లు బయటే పెడుతున్నాను. అయినా మడత కీలు దగ్గర చుక్కచుక్కలుగా తుప్పు. అక్కడ ఏ నూనె వాడుతున్నారు?