ఇతరుల పోస్టుకు మన మాట చేర్చి పేజీ పెంచుకోవడం న్యాయమేనా?

కోటగోడ (చర్చ మొదలుపెట్టినవారు)
వరంగల్, ములుగు వైపు పేజీలు చాలావరకు ఒకే దారి పట్టాయి. ఎవరో తీసిన ఫొటోకు పైన రెండు వాక్యాలు చేర్చి పంచుకుంటారు. కష్టం ఒకరిది, అనుచరులు మరొకరికి. రామప్ప గుడి కింద ఇసుక నింపి పునాది ఎలా వేశారో వివరంగా రాసి, గుడి చూరు కింద ఉండే స్త్రీ శిల్పాల్లో ఒకదాని, అంటే ఒక మదనిక ఫొటో పెట్టాను. ఒక పెద్ద పేజీ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, నా పేరున్న పైభాగం కత్తిరించి, ‘నీటిలో తేలే ఇటుకలతో కట్టిన గుడి’ అని రాసి వదిలింది. గుడి ఎర్ర ఇసుకరాయి, మదనికలు నల్లరాయి. తేలికపాటి ఇటుకలు వాడింది శిఖరానికి. వ్యాఖ్య రాసేవారు ముందు చదవాలి కదా?

చౌరస్తా కబురు
ఆ పేజీ నాదే. ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి: రామప్ప ఇటుకలు నీటిలో తేలుతాయా, తేలవా? తేలుతాయి. మరి నేను రాసినదాంట్లో అబద్ధం ఎక్కడుంది? 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక కూడా ఆ గుడి ఉన్న పాలంపేట ఎక్కడుందో తెలియనివారు మన పక్క జిల్లాల్లోనే ఉన్నారు. నా పోస్టు చూసి ఎంతోమంది దారి అడిగారు. మీ వ్యాసం చదివి ఎందరు వెళ్లారు?

కోటగోడ
తేలే ఇటుకలు ‘ఉన్న’ గుడి వేరు, తేలే ఇటుకలతో ‘కట్టిన’ గుడి వేరు. పేరు ఎందుకు కత్తిరించారో మాత్రం చెప్పలేదు.

చౌరస్తా కబురు
ఫోను తెరలో పట్టక పోయింది. మొదటి వ్యాఖ్యలో మీ పేరు పెట్టాను, చూసుకోండి. బతుకమ్మ రోజుల్లో వేయిస్తంభాల గుడి దగ్గర నేను తీసిన వీడియోను ఎన్ని పేజీలు ఎత్తుకుపోయాయో తెలుసా? ఒక్కరూ నా పేరు పెట్టలేదు. నేను ఎక్కడా పంచాయితీ పెట్టలేదు.

మట్టెవాడ
మొదటి వ్యాఖ్య ఎవరు చూస్తారండీ?

నల్లకోటు
చట్టం సంగతి చెబుతాను. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ప్రకారం విమర్శ కోసం, సమీక్ష కోసం ఇతరుల రచనను న్యాయమైన మేరకు వాడుకోవచ్చు. అయితే విమర్శ ఆ రచన మీద ఉండాలి. ఫొటో మొత్తం పెట్టి పైన ‘అద్భుతం, పంచుకోండి’ అని రాస్తే అది విమర్శ కాదు. 57వ సెక్షన్ ఇంకొకటి చెబుతుంది. రచన తనదని చెప్పుకునే హక్కు, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు రచయితకు ఉంటాయి.

చౌరస్తా కబురు
సెక్షన్లు నాకూ తెలుసు. ఇతరుల సరుకును పదేపదే వాడే ఖాతాలపై చర్యలుంటాయని 2025 జులైలో ఫేస్‌బుక్ ప్రకటించింది. సొంత అభిప్రాయం జోడించి పంచుకునేవారి జోలికి రామని అప్పుడే స్పష్టం చేసింది. నేను జోడిస్తున్నాను. రోజూ అర్ధరాత్రి దాకా కూర్చుని బూతు వ్యాఖ్యలు తీసేస్తున్నాను. ఆ పనికి విలువ లేదా?

కాజీపేట జంక్షన్
ఫేస్‌బుక్‌ను కొలబద్దగా పెట్టుకోకూడదు. ఒకరి పోస్టును తెచ్చి దాని మీద మన మాట పెట్టే సదుపాయం ట్విట్టర్‌లో 2015లో వచ్చింది. ట్విట్టర్ లాంటిదే అయిన మాస్టొడాన్ దాన్ని ఏళ్ల తరబడి కావాలనే ఇవ్వలేదు, పదిమందిని ఒకరి మీదికి ఉసిగొల్పడానికి వాడతారని. చివరికి 2025లో ఇచ్చినప్పుడు, తన పోస్టును ఎవరు అలా వాడవచ్చో నిర్ణయించే వీలు రాసినవారి చేతిలోనే పెట్టింది.

చెరువుగట్టు
ఊరి బావిలో నీళ్లు తోడుకోవడానికి ఎవరినీ అడగం. ఒకరి వాకిట్లో బిందె ఎత్తుకుపోవాలంటే అడుగుతాం. పబ్లిక్ పోస్టు బావి కిందికి వస్తుందని నా అభిప్రాయం.

చౌరస్తా కబురు
సరిగ్గా చెప్పారు. దాచుకోవాలనుకుంటే పబ్లిక్‌గా పెట్టకూడదు. కోటగోడ తమ్ముడూ, బాధ ఇటుకల గురించి కాదు, లైకుల గురించి. ఆ మాట నేరుగా చెబితే సరిపోయేది.

కోటగోడ
తమ్ముడూ అనకండి. లైకులు మీరే ఉంచుకోండి, రామప్ప ఫొటో కూడా ఉంచుకోండి. మిర్చి సీజన్‌లో మీరు పెట్టిన తక్‌పట్టీ గుర్తుందా? యార్డులో సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు ఇచ్చే లెక్క చీటీ అది, మా చిన్నాన్నది. తాలు మిర్చి, అంటే రంగు పోయిన నాసిరకం కాయ, అమ్మగా వచ్చిన చీటీని తన పేజీలో పెట్టి, ‘ఈసారి ఇంతే’ అని రాసుకున్నాడు. ఆయన పోస్టులు చూసేది ఊళ్లోవాళ్లు, చుట్టాలు. మీరు దాన్ని తెచ్చి పక్కన ఆ రోజు జెండా పాట ధర పెట్టి, ‘రైతు నోట్లో మట్టి, అడ్తిదారు ఇంట్లో మేడ’ అని రాశారు. జెండా పాట యార్డుకు వచ్చిన సరుకులో మేలురకానికి పలికే ధర. తాలుకు ఆ ధర ఏనాడైనా వస్తుందా? చీటీ మీద రైతు పేరుంది, అడ్తి పేరుంది. విత్తనాలకు, మందులకు అప్పు ఇచ్చేది ఆ అడ్తిదారే. ‘నన్ను దొంగను చేశావు’ అని ఆయన ఈ ఏడు పెట్టుబడి ఇవ్వలేదు. చిన్నాన్న బయట ఎక్కువ వడ్డీకి తెచ్చుకున్నాడు.

మట్టెవాడ
ఇది మొదటే చెప్పాల్సింది.

చౌరస్తా కబురు
ఆ సంగతి నాకు తెలియదు. కానీ నేను రాసింది రైతు పక్షాన. తాలు పేరుతో మంచికాయకు కోత పెట్టడం మీకు తెలియదా? మా నాన్న కూడా మిర్చి పండించాడు, యార్డులో రాత్రంతా బస్తాల మీద పడుకున్నాడు. ఆ కోపంతోనే పేజీ పెట్టాను. ప్రతి రైతునూ అడిగి రాయాలంటే ఎవరూ ఒప్పుకోరు, అందరికీ భయమే. అప్పుడు మార్కెట్ గురించి రాసేవాడే ఉండడు.

కోటగోడ
ఆ భయం ఎందుకో తెలిసినవారే అడగకుండా ఎలా రాస్తారు? మీ కోపానికి మీకు అనుచరులు పెరిగారు. మా చిన్నాన్నకు వడ్డీ పెరిగింది. ఆయన మిమ్మల్ని తన తరఫున మాట్లాడమని అడగలేదు.

నల్లకోటు
ఇక్కడ నా సెక్షన్లు పనికిరావు. చీటీకి కాపీరైటు వెతుక్కుని లాభం లేదు.

చెరువుగట్టు
నేను బావి అన్నది గుళ్ల ఫొటోల గురించి. పేరున్న చీటీ వేరు.

కోటగోడ
ఆ పోస్టు ఇప్పటికీ అక్కడే ఉంది. తీసేస్తారా?

చౌరస్తా కబురు
పేర్లు కనబడకుండా చేసి మళ్లీ పెడతాను. అది తాలు చీటీ అని కూడా రాస్తాను. పోస్టు మాత్రం తీయను. దాని కింద వందలమంది రైతులు తమ చీటీల సంగతి రాసుకున్నారు, అవి పోతాయి.

కోటగోడ
వాళ్ల మాటలు వాళ్లను అడిగి వేరే పోస్టులో పెట్టండి. చిన్నాన్న చీటీ తీసేయమంటున్నాను. ఆయన నంబరు పంపుతాను, ముందు ఆయనతో మాట్లాడండి.

చౌరస్తా కబురు
పంపండి.