‘టేక్ ఆఫ్’: ఒక్క మాటకు ఇన్ని అర్థాలా?

ప్రశ్న: విమానం ఎగిరినా ‘టేక్ ఆఫ్’, చొక్కా విప్పినా ‘టేక్ ఆఫ్’! ఎక్కడ ఏ అర్థమో ఎలా పోల్చుకోవాలండీ? ‘టేక్ ఆఫ్ ఇట్’ అని రాస్తే తప్పన్నారు, ఎందుకు?

జవాబు 1: ముందు వాక్యంలో కర్మ (‘దేన్ని?’, ‘ఎవర్ని?’ అంటే వచ్చే జవాబు) ఉందో లేదో చూడండి. లేకపోతే ముఖ్యంగా మూడు అర్థాలు: విమానం పైకి లేవడం, వ్యాపారం ఉన్నట్టుండి ఊపందుకోవడం, మనిషి చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం. ఉంటే విప్పడం, తీసేయడం, తగ్గించడం. ‘టేక్ 10 పర్సెంట్ ఆఫ్ ద ప్రైస్’ అంటే ధరలో 10 శాతం తగ్గించమని.

జవాబు 2: మీ తప్పు సర్వనామం దగ్గర. ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’, ‘టేక్ యువర్ షూస్ ఆఫ్’ రెండూ ఒప్పే. ఇట్, దెమ్ లాంటివి వస్తే మాత్రం మధ్యలోనే ఇరికించాలి: ‘టేక్ దెమ్ ఆఫ్’. సెలవు పెట్టడానికీ ‘టేక్ ఆఫ్’ వాడతారు; అప్పుడు ‘ఐ టుక్ మండే ఆఫ్’ అనండి. ‘ఐ టుక్ ఆఫ్ మండే’ అంటే సోమవారం బయల్దేరానని కూడా అనుకోవచ్చు.

జవాబు 3: ఒకరి మాటతీరును అనుకరించి నవ్వించడం కూడా ‘టేక్ ఆఫే’, బ్రిటన్‌లో ఎక్కువ. ఈ అర్థంలోనూ ‘టేక్ హిమ్ ఆఫ్’ అనే. అన్నట్టు, ‘టేకాఫ్’ అని కలిపి రాసేది నామవాచకం. క్రియ రెండు మాటలు, భూతకాలం ‘టుక్ ఆఫ్’. ‘టేకాఫ్డ్’ అనే రూపమే లేదు.